మా మిద్దె మీదికి సోలార్ ఎలా ఎక్కించామంటే

వాతావరణ మార్పు గురించి అపార్ట్‌మెంటు వాళ్లతో మాట్లాడాలంటే మంచు కొండల దగ్గర మొదలుపెట్టొద్దు. నేను ఆ తప్పు చేశాను. తిరుపతిలో మాది 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, నేను అసోసియేషన్ ట్రెజరర్‌ని. గుడ్డ సంచి, ఎల్‌ఈడీ బల్బులు, ఏసీ 26లో పెట్టడం... మా ఇంట్లో అన్నీ అప్పటికే చేసి ఉన్నాను. ఆ ఊపులో హిమానీనదాల మీద పావుగంట దంచితే, ఎదురింటాయన లేచి "సార్, లిఫ్టు రిపేరు సంగతేంది?" అన్నాడు.

రెండోసారి కామన్ మీటరు బిల్లులు, ఏడాదివి, జిరాక్స్ తీసి ఇంటింటికీ ఇచ్చాను. లిఫ్టు, బోరు మోటారు, మెట్ల లైట్లు కలిపి నెలకు పదకొండు వేల పైమాటే. 2021 నవంబరు వానలకు సెల్లారు నిండి మోటారు మునిగినప్పటి రిపేరు బిల్లు కూడా జతచేశాను. ఆ ఒక్క వాన వాతావరణ మార్పు వల్లే పడిందని నేను అనలేను. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, వాన కూడా అంత గట్టిగా పడే అవకాశం ఉందంటే ఈసారి విన్నారు. ఆ రోజు బకెట్లు మోసినవాళ్లే కదా అందరూ.

లెక్క నోటితో చెప్పకండి, కాగితం మీద వేసి చూపించండి. మన ఎండకు ఒక కిలోవాటు సోలార్ ప్యానెళ్లు రోజుకు సుమారు 4 యూనిట్ల కరెంటు ఇస్తాయి. 10 కిలోవాట్లు పెడితే నెలకు 1,200 యూనిట్లు. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుదే కాబట్టి యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే నెలకు 840 కిలోలు తగ్గినట్టు. నా గుడ్డ సంచి ఎన్నేళ్లు మోస్తే అంత అవుతుందో లెక్క వేయలేదు, వేస్తే ఏడుపొస్తుంది. అయినా "ముందు మీ ఇంట్లో ఏం చేశారు?" అని ఒకావిడ అడిగినప్పుడు నన్ను కాపాడింది ఆ సంచీ, ఆ 26 డిగ్రీలే.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంటు ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ. ముందు ఆ పథకం పోర్టల్‌లో అప్లికేషన్, ఆ తర్వాతే పని. వెండరు రిజిస్టరైన వాడేనా, ప్యానెళ్లు మన దేశంలో తయారైనవేనా చూసుకోండి.

అసలు గొడవ డబ్బు దగ్గర రాలేదు, వడియాల దగ్గర వచ్చింది. "మిద్దంతా మీరే పరిస్తే ఎండాకాలం వడియాలు, ఊరగాయ ముక్కలు ఎక్కడ ఆరబెట్టాలి?" అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చాక్‌పీసుతో మిద్దె మీద గీత గీసి, తూర్పు వైపు వాళ్లకే వదిలేశాం. మరుసటి రోజే ఆమోదం తెలుపుతూ 17 సంతకాలు వచ్చాయి. మిగతా ముగ్గురి వెంట పడలేదు.

బోరు నీళ్లతో కడిగితే ప్యానెళ్ల మీద తెల్లటి మరకలు కట్టి కరెంటు తగ్గుతుంది. మంచినీళ్లతో, పొద్దున్నే ఎండ ఎక్కకముందే తుడిపించండి.

మీ మిద్దె అయ్యాక పక్క వీధి సర్కారు బడి మీదికి చూపు పోతుంది. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. "పర్యావరణాన్ని కాపాడండి" అని రాస్తే ఎవరికి పంపాలో వాళ్లకూ తెలియదు. ఏ బడి, ఏ మిద్దె, ఎన్ని ఫ్యాన్లు, ఏం కావాలి, అంతే రాయండి. పది మంది సంతకాలు, ఒక ఫొటో చాలు. రసీదు చేతికి రాకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి.