జ్ఞానదంతం తీయించుకోబోతున్నారా? ముందురోజే ఫ్రిజ్ తెరిచి చూసుకోండి

పన్ను తీయించుకున్నాక నోట్లో గాజుగుడ్డ కుక్కుకుని ఇంటికొస్తారు. అప్పుడు 'ఐస్ ఎక్కడుంది, పెరుగు తోడేశారా' అని అడగడానికి నోరు ఉండదు. అందుకే ముందురోజే ఐస్ ట్రే నింపి పెట్టుకోండి. రాగిపిండి, పెరుగు, అరటిపండ్లు, ఉప్పు, ఇంకో దిండు కూడా చూసుకోండి. నొప్పి మాత్రలు ఎక్కువ మింగకుండా గట్టెక్కాలనుకుంటే సగం పని ఇక్కడే అయిపోతుంది.

తేదీ విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. శుక్రవారం తీయించుకుంటే సోమవారం ఆఫీసుకు వెళ్లిపోవచ్చనుకుంటారు. కానీ వాపు ఎక్కువగా కనిపించేది తీయించుకున్న రెండు, మూడు రోజుల తర్వాత. అంటే ఆదివారం, సోమవారం. ఆ వారంలో పెళ్లి ఉంటే ఫొటోల్లో ఒక చెంప బూరెలా ఉంటుంది, అంతే.

ఇంటికి రావడానికి బైక్ వద్దు. ముఖమంతా కప్పే హెల్మెట్ సరిగ్గా ఆ చెంప మీదే నొక్కుతుంది. పైగా మన రోడ్ల మీద ఒక్కో స్పీడ్ బ్రేకర్ దవడకే తగులుతుంది. ఎవరినైనా తోడు తీసుకుని ఆటోలోనో మెట్రోలోనో రండి. మత్తు ఇంజెక్షన్ ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది. ఆ లోపు వేడి చాయ్ తాగితే నాలుక కాలినా తెలీదు, పెదవి కొరుక్కున్నా తెలీదు.

ఇక అసలు సంగతి. పన్ను ఊడిన గుంతలో రక్తం గడ్డకడుతుంది. కింద ఉన్న ఎముకకు, నరాలకు ఆ గడ్డే మూత. అది కదిలిపోయినా, కరిగిపోయినా ఎముక బయటపడుతుంది. దాన్నే డాక్టర్లు డ్రై సాకెట్ అంటారు. దాని నొప్పి మామూలు నొప్పి కాదు, చెవి దాకా లాగుతుంది. అందుకే డాక్టర్ చెప్పినంతసేపు, సాధారణంగా అరగంట పైనే, గాజుగుడ్డను గట్టిగా కొరికి ఉంచాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడకండి. ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో పీల్చడం మొదటి మూడు రోజులు మానేయండి. సిగరెట్, గుట్కా, జర్దా పాన్ అయితే ఇంకా ఎక్కువ రోజులు మానాలి. పొగ తాగేవాళ్లకు డ్రై సాకెట్ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకూ కొంచెం ఎక్కువే, ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి.

నా తెలివి చెప్తాను వినండి. మూడో రోజు నొప్పి తగ్గింది కదా అని మెహిదీపట్నంలో కొబ్బరిబోండం తాగాను. స్ట్రాతోనే. దాని వల్లే అని గట్టిగా చెప్పలేను కానీ ఆ రాత్రి నుంచి చెవిలో మేకు దిగ్గొట్టినట్టు ఉంది. అంతకుముందే మా అవ్వ 'లవంగం పెట్టుకో బిడ్డా, నొప్పి గుంజుకపోతది' అంటే, పచ్చి పుండులో అలాంటివి పెట్టకూడదని ఆమె మీద గొంతు లేపాను. మర్నాడు డాక్టర్ గుంత కడిగి ఏదో మందు పెట్టారు, గంటలో ప్రాణం లేచొచ్చింది. నోరంతా ఒకటే లవంగం వాసన! లవంగనూనెలో ఉండే యూజెనాలే అది. అయితే అది డాక్టర్ కొలిచి పెట్టాల్సిన మందు. ఇంట్లో లవంగమో, పసుపో, నూనె చుక్కలో కొత్త గాయంలో పెడితే మంట తప్ప మిగిలేది ఉండదు. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద నొక్కిపెడితే ఆ చోటు కాలి పుండవుతుంది.

మొదటి రోజు బాగా పనిచేసేది ఐస్. నేరుగా చెంపకు పెట్టకండి, పల్చటి తువ్వాలులో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టాలి, అంతే సేపు ఆపాలి. ఫ్రీజర్‌లోని పచ్చిబఠాణీ ప్యాకెట్ చెంప వంపుకు ఇంకా బాగా ఒదుగుతుంది. రెండు రోజులు దాటాక ఐస్‌తో పెద్దగా లాభం ఉండదు, గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టుకోవాలి. పడుకునేటప్పుడు రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకుంటే పోటు తగ్గుతుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక నొప్పి రెండింతలు అనిపిస్తుంది, టెన్షన్‌తో దవడ కూడా బిగబడుతుంది. నెమ్మదిగా నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. చిన్నగా రేడియో పెట్టుకున్నా సరే.

ఉప్పునీళ్లు మర్నాటి నుంచి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి సింక్‌లోకి జారవిడవండి. గలగలా పుక్కిలించొద్దు. తిన్న ప్రతిసారీ చేస్తే మంచిది.

తిండికి పెరుగన్నం మెత్తగా పిసికి, పోపు లేకుండా. ఆవాలు, మిరపగింజలు గుంతలో దూరితే వాటిని తీయలేక నానా తిప్పలు. చల్లారిన రాగిజావ, పాలలో నానిన ఇడ్లీ బాగుంటాయి. హలీమ్ మెత్తగానే ఉంటుంది కదా అంటారు. మెత్తనే, కానీ ఆ వేడి, మసాలా ఒక వారం ఆగనివ్వండి. బిర్యానీ సంగతి అడగొద్దు.

ఇదంతా చెప్పానని మాత్రలు పారేయమని కాదు. డాక్టర్లు ఎక్కువగా రాసే పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ మొదటి ఒకటి రెండు రోజులు చెప్పిన టైముకు వేసుకుని, ఆపైన అవసరాన్ని బట్టి తగ్గించుకోవచ్చు. కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, ఆ మందులు సొంతంగా ఆపకూడదు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రం ముట్టుకోకండి.

మూడు నాలుగు రోజులకు దవడ పట్టేసినట్టుంటే, కాపడం తర్వాత నొప్పి పుట్టనంత వరకే నోరు మెల్లగా తెరిచి మూయండి.

మర్నాడు ఉమ్మి కొంచెం ఎర్రగా ఉంటే కంగారు లేదు. గాజుగుడ్డ మళ్లీ అరగంట కొరికినా నోరు రక్తంతో నిండుతుంటే, జ్వరం, చీము కనిపిస్తే, మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, పెదవి తిమ్మిరి మర్నాటికీ వదలకపోతే, తీసిన డాక్టర్ దగ్గరికే వెళ్లండి. ఖర్చు భయం ఉంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, పొద్దున్నే వెళ్తే మేలు. గొంతు కింద వాపు దిగి మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా మాత్రం పొద్దుటి దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయించండి.