బొట్టు పెట్టి పిలవలేదన్న కోపం: అహాన్ని పట్టుకునే పద్ధతి

శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మం గుడికి వెళ్తే, అక్కడ పెంచుతున్న నక్షత్ర తాబేళ్ల దగ్గర పది నిమిషాలు నిలబడండి. అలికిడైతే తలా కాళ్లూ డిప్పలోకి లాక్కుంటాయి. కాసేపటికి వాటంతటవే బయటికి చాస్తాయి. గీత రెండో అధ్యాయం 58వ శ్లోకంలో స్థితప్రజ్ఞుడికి, అంటే బుద్ధి నిలకడగా ఉన్నవాడికి, చెప్పిన పోలిక ఇదే. తాబేలు కాళ్లు నరుక్కోదు గదా! అహాన్ని చంపేస్తామని మొదలుపెట్టినవాళ్లు చాలావరకు తమను తాము తిట్టుకోవడం దగ్గరే ఆగిపోతారు. దాన్ని సమయానికి లోపలికి తీసుకోవడం నేర్చుకుంటే చాలు.

వేదాంతం అంతఃకరణాన్ని, అంటే మన లోపల ఆలోచించే పనిముట్టుని, నాలుగుగా చెబుతుంది. మనస్సు ఊగిసలాడుతుంది, బుద్ధి తేలుస్తుంది, చిత్తం గుర్తుపెట్టుకుంటుంది, అహంకారం ‘నన్నే అన్నారు’ అంటుంది. వీటన్నిటినీ చూస్తూ ఉండేది ఆత్మ. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి: ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. చిన్నాన్న ఇంట్లో పెళ్లి. ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవలేదు, ఫోన్లో చెప్పి ఊరుకున్నారు. ‘నన్నేటనుకున్నారు?’ అని నోటి దాకా వస్తుంది. ఆ క్షణంలో ఒంటిని చూసుకోండి: దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి, ఎదుటివాళ్లకు ఇవ్వాల్సిన జవాబు లోపల అప్పుడే తయారైపోతుంది. మూడోది అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు. వెంటనే ఫోను పక్కన పెట్టి పది శ్వాసలు లెక్కపెట్టండి, వదిలే ఊపిరి తీసుకున్నదానికన్నా నిదానంగా ఉండాలి. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి. మూడుసార్లు తప్పిందంటే ఆ రోజుకి జవాబివ్వొద్దు.

రాత్రి ఒక కాగితం, పదిహేను నిమిషాలు, మూడు వాక్యాలు. మొదటిది జరిగినది మాత్రమే: ‘మంగళవారం ఫోన్ చేసి పెళ్లికి రమ్మన్నారు.’ రెండోది అహం కలిపినది: ‘నన్ను లెక్కచెయ్యలేదు.’ మూడోది, ఆ మంట కింద ఉన్న కోరిక. ఇది తొందరగా రాదు. ‘వాళ్లకి బుద్ధి రావాలి’ అని వస్తే అది ఇంకా రెండో వాక్యమే, కొట్టేసి మళ్లీ రాయండి. ‘ఆ ఇంట్లో నేనూ ఒకణ్ణని తెలియాలి’ అన్నది బయటపడే దాకా ఆగండి. అక్కడ దవడ వదులవుతుంది. మర్నాడు చెప్పాల్సింది ఆ మూడోదే: ‘చిన్నాన్నా, నువ్వొచ్చి పిలుస్తావని ఎదురుచూశాను.’

రెండు మూడు వారాలు సాగాక కొత్త చిక్కు వస్తుంది: ‘నేనిప్పుడు అన్నీ సాక్షిలా చూస్తున్నాను’ అన్న గర్వం. పక్కవాళ్ల అహమే ఎక్కువగా కనిపిస్తుంటే ఇది పట్టుకుందన్నమాట. దీనికి మందు, ఎవరికీ తెలియకుండా ఒక చిన్న పని. భోజనాలయ్యాక ఎంగిలాకులు తీయండి, గుడి మెట్ల దగ్గర చెప్పులు సర్దండి. ఇంట్లో చెప్పారా, ఆ రోజు లెక్కలోకి రాదు.

తమ మీద తమకు అసహ్యం పెరిగి, నిద్ర కూడా పోతుంటే సాధన ఆపి డాక్టరుకి చూపించుకోవాలి.

అన్యాయాన్ని దిగమింగడాన్ని సాధన అనుకోకండి. కూలి డబ్బులు ఎగ్గొట్టినవాణ్ణి నిలదీయడం అహం కాదు. ఎంత ఇవ్వాలో, ఏ రోజు ఇవ్వాలో చెప్పి గట్టిగా అడగండి. డబ్బు చేతికొచ్చాక కూడా వాడు పదిమందిలో తలదించుకోవాలని లోపల పీకుతుంటే, ఆ రాత్రికి కాగితం తీయండి.