రాత మీది ఇష్టం మనిషిని మింగకుండా: సమస్యలు, పరిష్కారాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో రాసేవారిలో చాలామందికి బతుకుదెరువు వేరే ఉంటుంది. బడిలో పాఠం చెబుతూనో, సేద్యం చేస్తూనో, దుకాణం నడుపుతూనో రాసుకునే అలాంటివారి కోసమే ఈ సూచనలు. రాత మీది ప్రేమను తగ్గించుకోమని నేను చెప్పడం లేదు, అది బతుకంతటినీ ఆక్రమించినప్పుడు ఎక్కడ సరిచేసుకోవాలో చెబుతున్నాను.

సమస్య: అర్ధరాత్రి దాటినా కలం ఆగదు, మరునాడు కొలువులో తప్పులు దొర్లుతాయి.

కారణం: అన్ని పనులూ ముగిశాక మిగిలిన సమయాన్నే రాతకు ఇస్తాము గనుక దానికి మొదలు ఉంటుంది గాని ముగింపు ఉండదు. ఇప్పుడు తోచినది రేపటికి మరిచిపోతామన్న భయం కూడా తోడై, ఇంకొక్క పేరా అనుకుంటూనే తెల్లవారుతుంది.

పరిష్కారం: ఎప్పుడు మొదలుపెట్టాలో కాదు, ఎప్పుడు ఆపాలో ముందుగా నిర్ణయించుకోండి. ఆపే ముందు, తరువాత రావలసిన సంగతిని రెండు వాక్యాల్లో రాసి పెట్టుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది, మరునాడు ఖాళీ కాగితం ముందు కూర్చోవలసిన అవసరమూ ఉండదు. పొద్దున దేవరకొండ బస్సు అందుకోవలసిన ఉపాధ్యాయుడికి రాత్రి రెండు గంటలకన్నా వేకువన ఒక గంట ఎక్కువ ఉపయోగపడుతుంది. వరినాట్లు, కోతల రోజుల్లో రాత సాగకపోవడాన్ని లోపంగా లెక్కించవద్దు, ఆ కాలానికి జేబులో ఒక చిన్న పుస్తకం ఉంటే చాలు.

సమస్య: ఒళ్లు ఇంట్లోనే ఉన్నా మనసు కథలోనే ఉంటుంది. బిడ్డ "నాయినా, ఇంటున్నవా?" అని మళ్లీ మళ్లీ అడగవలసి వస్తుంది.

కారణం: కాగితం మీద పెట్టవలసిన దానిని తలలో మోస్తూ తిరగడం పైకి కనిపించే కారణం. అంతకన్నా లోతైనది, ఎదుటి మనిషిని మనిషిగా కాక రాయడానికి పనికివచ్చే సరుకుగా చూసే అలవాటు. అన్ని సమస్యల్లోకి ఇదే ప్రమాదకరమని నా నమ్మకం, ఎందుకంటే దీనివల్ల ఇంటివారికి ఎంత నష్టమో, రాతకూ అంతే నష్టం.

పరిష్కారం: తోచిన దానిని ఒక్క మాటగా రాసుకుని పుస్తకం మూసి, బిడ్డ చెప్పేది పూర్తిగా వినండి. చావు ఇంట్లో, ఆసుపత్రిలో అసలు ఏమీ రాసుకోవద్దు. గుర్తుండవలసినది గుర్తుంటుంది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి న్యాయవాది, 1926లో గోలకొండ పత్రికను స్థాపించినవారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. జనం తిండిని, బట్టను, ఆటలను, నమ్మకాలను చరిత్రగా రాసిన ఆయన గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. నలుగురి మధ్య మెలగకుండా అలాంటి రచన సాధ్యమయ్యేది కాదని నేను అనుకుంటాను.

సమస్య: పత్రిక రచనను తిప్పి పంపినా, ఫోనులో లైకులు రాకపోయినా రోజంతా పాడవుతుంది.

కారణం: రాయాలన్న కోరిక, రచయిత అనిపించుకోవాలన్న కోరిక ఒకదానిలో ఒకటి కలిసిపోవడం. పేరు వేయరని తెలిసినా ఈ రాత్రి రాస్తానా అని అడిగి చూసుకుంటే ఏది ఎంత ఉందో తెలుస్తుంది.

పరిష్కారం: రచన పంపిన రోజే మరొకటి మొదలుపెట్టండి. ఫలితాన్ని రోజుకొక్కసారి మాత్రమే చూడండి. ఇతరులు రాసినది శ్రద్ధగా చదివి, ఎందుకు నచ్చిందో వారికి చెప్పండి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలతో 1934లో సంచిక వేసి జవాబిచ్చారు. అంటే తన కలం పక్కన పెట్టి ఎంతమంది రాతలు చదివి ఉంటారో ఆలోచించండి.

సమస్య: సొంత పుస్తకం అచ్చు వేయించడానికి అప్పు చేయాలనిపిస్తుంది.

పుస్తకంగా వస్తేనే రాతకు విలువ అన్న తొందర దీనికి కారణం. పంట పెట్టుబడి, పిల్లల ఫీజు ముట్టుకోకుండా విడిగా పొదుపు చేయండి. డిజిటల్ ముద్రణలో తక్కువ ప్రతులు కూడా వేయించుకోవచ్చు గనుక, వందల పుస్తకాలు అటక మీద పేర్చుకోవలసిన అవసరం లేదు.

సమస్య: కళ్లు మండుతాయి, మెడ పట్టేస్తుంది.

తెర మీద రాసేవారు ప్రతి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడాలి, గంటకొకసారి లేచి నడవాలి.

సమస్య: కొన్ని రోజులుగా నిద్ర లేకున్నా అలసట తెలియదు, ఆలోచనలు పరుగెడతాయి, ఖర్చుకు, కోపానికి అదుపు ఉండదు. లేదా రాయలేకపోతే బతకడం దండగ అనిపిస్తుంది.

దీన్ని ప్రతిభ అనుకుని సంబరపడవద్దు, బలహీనత అనుకుని దాచవద్దు. ఇది వైద్యం అవసరమైన మానసిక అనారోగ్యం కావచ్చు, సమయపాలనతో సరిపోదు. మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మందులు వాడితే రాయలేనేమోనన్న భయం ఉంటే, చికిత్సను వాయిదా వేయకుండా ఆ భయాన్ని కూడా వైద్యుడికే చెప్పండి, దానిని దృష్టిలో పెట్టుకుని మందును, మోతాదును సరిచూడగలరు.