ఆంప్లిఫయర్ హమ్ (స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుర్రు శబ్దం) పని పట్టే ముందు జాగ్రత్తలు

స్విచ్ కట్టేస్తే చాలదు, ప్లగ్ పీకండి. ఆంప్ మూత తీయొద్దు. పెద్ద కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచే ఉంటుంది.

పొడి చేతులతో, మల్టీమీటర్ ఏసీ 750 రేంజిలో పెట్టి సాకెట్ చూడండి. ఫేజ్-ఎర్త్ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో, న్యూట్రల్-ఎర్త్ మధ్య 2, 3 వోల్టుల లోపు రావాలి. మొదటిది బాగా తక్కువొస్తే ఎర్త్ సరిగ్గా లేనట్టే. హైదరాబాద్‌ది రాతినేల, ఎండాకాలం ఎర్త్ పిట్ (ఎర్త్ వైరును భూమిలో దింపిన గుంట) ఎండిపోతుంది. రెండు బకెట్ల నీళ్లు పోసి మళ్లీ కొలవండి. అప్పటికీ రాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

ప్లగ్‌లోని మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరగ్గొడితే హమ్ పోతుందని చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు. నిజమే, ఒక్కోసారి పోతుంది కూడా. కానీ లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలితే ఫ్యూజ్ కొట్టదు. మీరు ముట్టుకునేదాకా కరెంటు అక్కడే కాచుకుని ఉంటుంది.

టీవీ, ఆంప్, సబ్‌వూఫర్ మూడింటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి ఇవ్వండి. వేర్వేరు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా, ఆర్‌సీఏ కేబుల్ (ఆడియో వైరు) షీల్డులోంచి, అంటే దాని పై లోహపు తొడుగులోంచి, కరెంటు పారి 50 హెర్ట్జ్ గుర్రు మొదలవుతుంది. కేబుల్ టీవీ వైరు విప్పగానే ఆగిందా? దొంగ అదే, దానికి ఐసొలేటర్ (ఎర్త్ కలయికను తెంపి సిగ్నల్‌ని మాత్రమే పంపేది) పెట్టండి.

ఆర్‌సీఏ పిన్నులు ఆంప్ ఆపాకే పీకాలి, లేదంటే ఆ ‘ఢబ్’కి స్పీకర్ పోవచ్చు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే దాని కరెంటే గుర్రు తెప్పించవచ్చు, పరీక్ష వాయిదా వేయండి.