దూకుడు డ్రైవర్‌పై వచ్చే విమర్శను చదవడం ఎలా

2025 జూన్ 1న బార్సిలోనాలో జరిగిన ఫార్ములా వన్ కార్ల రేసు స్పానిష్ గ్రాండ్ ప్రి చివరి ల్యాపుల్లో మాక్స్ వెర్‌స్టాపెన్ అయిదో మలుపు ముందు వేగం తగ్గించి, జార్జ్ రసెల్‌కు దారి ఇస్తున్నట్లు కనిపించి, అంతలోనే మళ్లీ వేగం పెంచి అతడి కారును ఢీకొట్టాడు. రేసులో తప్పొప్పులు తేల్చే స్టీవార్డులు 10 సెకన్ల పెనాల్టీ, 3 పెనాల్టీ పాయింట్లు విధించారు. అయిదో స్థానంలో రేసు ముగించిన వెర్‌స్టాపెన్ పదో స్థానానికి పడిపోయాడు. ఆ తర్వాత వచ్చిన కథనాల్లో కొన్ని ఆ ఢీకొట్టడం గురించి మాట్లాడాయి, కొన్ని చివరి దశలో అతడి కారుకు గట్టి టైర్లు వేసిన జట్టు నిర్ణయాన్ని తప్పుపట్టాయి, మరికొన్ని ఈ రెండింటినీ దాటి మనిషి స్వభావం మీదే తీర్పు చెప్పాయి. ఒకే కథనంలో ఈ మూడూ కలగాపులగంగా ఉన్నప్పుడు, మొదటిదాన్ని ఒప్పుకున్న పాఠకుడు తనకు తెలియకుండానే మూడోదాన్ని కూడా ఒప్పుకున్నట్లవుతుంది. వాటిని విడదీసి చదవడం అలవాటు చేసుకోవాలి. నేను చాలా ఏళ్లుగా అనుసరిస్తున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా పెన్సిల్ పట్టుకుని కథనంలో ఒక్క వాక్యాన్ని ఎంచుకోండి. ఉదాహరణకు నేనే ఒక వాక్యం అల్లుతాను: ‘ఎప్పటిలాగే ఆవేశం అణచుకోలేక ప్రత్యర్థిని ఢీకొట్టాడు.’ ఇందులో ‘ఢీకొట్టాడు’ అన్నది జరిగిన పని. దాన్ని దృశ్యంలో చూడవచ్చు, కొలవవచ్చు, ఎవరి తప్పు ఎంత అని వాదించవచ్చు. ‘ఆవేశం అణచుకోలేక’ అన్నది మనసులో ఏం జరిగిందో రచయిత చేసిన ఊహ; డ్రైవరే తర్వాత ఒప్పుకుంటే తప్ప దానికి సాక్ష్యం ఉండదు. ‘ఎప్పటిలాగే’ అన్నది లెక్క. ఎన్నిసార్లు, ఎంత కాలంలో, ఎవరితో పోల్చి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన మాట అది. అయిదు పదాల వాక్యంలో మూడు వేర్వేరు ఆరోపణలు ఉన్నాయి, మూడింటికీ కావలసిన రుజువులు వేరు. ఈ విధంగా రెండు మూడు కథనాల మీద గీతలు గీసి చూస్తే, ఏ రచయిత పనిని విమర్శిస్తున్నాడో, ఎవరు మనిషిని ఆడిపోసుకుంటున్నారో మీకే స్పష్టమవుతుంది.

పని విషయంలో మొదట చూడవలసింది స్టీవార్డుల నిర్ణయ పత్రం. ప్రతి విచారణ తర్వాత, మోటారు క్రీడలను నియంత్రించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏ దాన్ని విడుదల చేస్తుంది. కారు నంబరు, సమయం, జరిగిన విషయం, ఏ నిబంధన ఉల్లంఘన, ఏ శిక్ష, ఎందుకు అన్నవి వరుసగా ఒకటి రెండు పేజీల్లో ఉంటాయి. 2021 డిసెంబరులో జెడ్డాలో, స్థానం తిరిగి ఇవ్వడానికి నెమ్మదించిన వెర్‌స్టాపెన్ కారు వెనుక లూయిస్ హామిల్టన్ కారు తగిలినప్పుడు, ఒక వర్గం కావాలనే బ్రేకు వేశాడని రాసింది, మరో వర్గం వెనకవాడే చూసుకోలేదని రాసింది. నిర్ణయ పత్రం చదివినవారికి ఈ రెండింటికంటే వివరమైన చిత్రం దొరికింది. వెర్‌స్టాపెన్ 69 బార్ల ఒత్తిడితో ఒక్కసారిగా బ్రేకు నొక్కాడు, దానివల్ల 2.4జి (గురుత్వాకర్షణకు 2.4 రెట్లు) మేర వేగం తగ్గింది అని అందులో అంకెలతో సహా ఉంది. ఇద్దరిలో ఎవరూ డీఆర్‌ఎస్ గుర్తింపు గీతను ముందుగా దాటడానికి ఇష్టపడలేదన్న సంగతి కూడా అందులోనే ఉంది; ఆ గీత దగ్గర వెనక ఉన్నవాడికే, వెనక రెక్క తెరిచి వేగం పెంచుకునే డీఆర్‌ఎస్ వాడే వీలు దక్కేది. స్థానం తిరిగి ఇవ్వాల్సిన డ్రైవర్ ఎత్తుగడకు పోయాడు, ఆ ఎత్తుగడ అర్థమైన డ్రైవర్ దాటడానికి ఆగాడు, చివరకు గట్టిగా బ్రేకు వేసినవాడికి 10 సెకన్ల శిక్ష పడింది. ఈ పత్రం ఆధారంగా వచ్చిన విమర్శ ఎంత ఘాటుగా ఉన్నా దానికి పునాది ఉందని నా అభిప్రాయం.

అయితే ఆ పత్రాన్ని వేదవాక్కుగా తీసుకోకూడదు. జెడ్డాకు మూడు వారాల ముందు బ్రెజిల్‌లో, నాలుగో మలుపు దగ్గర వెర్‌స్టాపెన్, హామిల్టన్ ఇద్దరూ ట్రాక్ బయటికి వెళ్లినప్పుడు స్టీవార్డులు విచారణే అవసరం లేదన్నారు. ఆ క్షణానికి వెర్‌స్టాపెన్ కారు ముందువైపు చూపే కెమెరా దృశ్యం వారి దగ్గర లేదు. అది తర్వాత బయటికి వచ్చింది, హామిల్టన్ జట్టు మెర్సిడెస్ పునఃసమీక్ష కోరింది, ఆ అభ్యర్థన తిరస్కరణకు గురైంది. కాబట్టి ‘స్టీవార్డులే వదిలేశారు కదా’ అని డ్రైవర్‌ను వెనకేసుకొచ్చే వ్యాసాన్ని కూడా అంతే జాగ్రత్తగా చదవాలి. నిర్ణయం ఏ దృశ్యాలను చూసి తీసుకున్నారో తెలుసుకోండి. వీలైతే ఇద్దరి కార్ల మీది కెమెరాల (ఆన్‌బోర్డ్) దృశ్యాలనూ చూడండి. హెలికాప్టర్ కెమెరాలో నిండుగా కనిపించే ఖాళీ, డ్రైవర్ హెల్మెట్ అద్దంలోంచి చూస్తే చాలా సందర్భాల్లో సగమే ఉంటుంది.

రెండోది ఆ రోజు అమల్లో ఉన్న నియమం. దూకుడైన డ్రైవర్ సాధారణంగా నియమం చివరి అంచు మీద బండి నడుపుతాడు, నియమం మారితే తానూ మారుతాడు. లోపలివైపు నుంచి దాటాలంటే మలుపు నడిబిందువు దగ్గర ముందు చక్రాల ఇరుసు అవతలి కారు అద్దానికి సమానంగానైనా ఉండాలని 2025లో ఎఫ్‌ఐఏ బహిరంగపరిచిన డ్రైవింగ్ ప్రమాణాల మార్గదర్శకాలు చెబుతాయి. ఇలాంటి కొలత ఉన్నప్పుడు, బ్రేకు ఆలస్యంగా వేసి ఎలాగైనా నడిబిందువును ముందుగా చేరి ఆ మలుపు తనదేనని వాదించే అవకాశం డ్రైవర్‌కు ఏర్పడుతుంది. 2024 అక్టోబరు 20న ఆస్టిన్‌లో అలాంటిదే జరిగింది: వెర్‌స్టాపెన్, లాండో నోరిస్ ఇద్దరూ గీత దాటి బయటికి వెళ్లినా, ట్రాక్ బయటినుంచి దాటినందుకు నోరిస్‌కే 5 సెకన్ల శిక్ష పడింది. వారం తిరిగేసరికి మెక్సికోలో, ఒకే ల్యాపులో ఒకసారి నోరిస్‌ను బయటికి నెట్టినందుకు, మరోసారి ట్రాక్ వదిలి లాభం పొందినందుకు వెర్‌స్టాపెన్‌కు 10 సెకన్ల చొప్పున రెండు శిక్షలు పడ్డాయి. ఈ రెండు రేసులనూ పక్కపక్కన పెట్టి నియమంలోని లోపాన్ని ఎత్తిచూపిన వ్యాసం ఒక్కటి చదివినా, డ్రైవర్‌ను రౌడీ అని తిట్టిన పది వ్యాసాలకంటే ఎక్కువ అర్థమవుతుంది. మెక్సికోలో అతడు నడిపిన తీరు నాకు ఏమాత్రం నచ్చలేదు, ఆ 20 సెకన్లు న్యాయమైనవేనని భావిస్తాను; కానీ ఆస్టిన్‌లో లభించిన అనుమతే మెక్సికోలో ఆ తెగువకు కారణమని రాయని విమర్శ సగంలోనే ఆగిపోయినట్లు.

ఇక ‘ఎప్పటిలాగే’ అన్న మాటకు వద్దాం, ఎందుకంటే డ్రైవర్ మీద శాశ్వతంగా ముద్ర వేసేది ఇదే. దీన్ని పరీక్షించడానికి 1990 నాటి ఒక సంభాషణ నాకు ఎంతో ఉపయోగపడింది. ఆ ఏడాది అక్టోబరు 21న సుజుకాలో ఐర్టన్ సెన్నా మొదటి మలుపులోనే అలెన్ ప్రోస్ట్ కారును గుద్దాడు, ఇద్దరి రేసూ అక్కడితో ముగిసింది, ఛాంపియన్‌షిప్ సెన్నాకు దక్కింది. ఆ తర్వాతి రేసు జరిగిన అడిలైడ్‌లో, మూడుసార్లు ఛాంపియన్ అయిన జాకీ స్టీవర్ట్ అతడిని కూర్చోబెట్టి, గొప్ప ఛాంపియన్లందరూ ఇతర కార్లను తాకిన సందర్భాలను తాను లెక్కవేశానని, గత మూడు నాలుగేళ్లలో సెన్నా ఒక్కడే వారందరికంటే ఎక్కువసార్లు తాకి ఉంటాడని ముఖం మీదే అన్నాడు. కనిపించిన ఖాళీలోకి దూరనివాడు ఇక రేసింగ్ డ్రైవరే కాడన్న అర్థంలో సెన్నా ఇచ్చిన జవాబు ఈ ప్రశ్నకు వచ్చినదే. ఆ జవాబు నేడు గోడపత్రాల మీద కనిపిస్తుంది, ప్రశ్న మాత్రం ఎక్కడా కనిపించదు.

స్టీవర్ట్ లెక్కను ప్రశ్నించవచ్చు. పాత ఛాంపియన్ల కాలంలో కార్లు తాకడమంటే ప్రాణం పోవడమే, కాబట్టి వారు దూరంగా ఉండేవారు. ఏడాదికి జరిగే రేసుల సంఖ్య కూడా తక్కువ. అయినా ఆ విమర్శను నేను మంచి విమర్శకు నమూనాగా భావిస్తాను. అతడు చాటుగా రాయలేదు, లెక్క వేసుకుని వచ్చాడు, ఎదురుగా అడిగాడు, జవాబు చెప్పే అవకాశం ఇచ్చాడు. అప్పుడు గట్టిగా సమర్థించుకున్న సెన్నా, 1991లో మళ్లీ ఛాంపియన్ అయిన తర్వాత, సుజుకాలో తాను ఉద్దేశపూర్వకంగానే చేశానని ఒప్పుకున్నాడు. మీరు చదివే కథనంలో ‘ఎప్పటిలాగే’ కనిపిస్తే, రచయిత స్టీవర్ట్ చేసినంత పనైనా చేశాడా అని అడగండి. ఇందుకు ఇప్పుడు పెనాల్టీ పాయింట్ల పట్టిక ఉంది. 12 నెలల్లో 12 పాయింట్లు చేరితే ఒక రేసు నిషేధం. 2014లో మొదలైన ఈ పద్ధతిలో నిషేధానికి గురైన మొదటి డ్రైవర్ 2024లో కెవిన్ మాగ్నుసెన్. అతడి పాయింట్లలో ఎక్కువ భాగం వెనక వరుసల్లో ఒక ఛాంపియన్‌షిప్ పాయింటు కోసం జరిగిన పోరులో వచ్చినవే, వాటిమీద పత్రికల్లో పడిన సిరా చాలా తక్కువ. ముందు వరుసలో ఉన్నవాడి తప్పు నూరుసార్లు తెరమీద తిరుగుతుంది కాబట్టి నూరు తప్పుల్లా అనిపిస్తుంది.

మాటల విషయంలో పాటించవలసిన కొలత వేరు. ముక్కుసూటిగా మాట్లాడే డ్రైవర్ మాటను ఉటంకించిన ప్రతిసారీ మూడు సంగతులు వెతకండి: ముందు అడిగిన ప్రశ్న ఏమిటి, ఎక్కడ అన్నాడు, ఏ భాషలో అన్నాడు. 2018 జూన్‌లో కెనడాలో, ఇలాంటి ప్రశ్నలు ఇంకొన్ని వస్తే ఎవరినైనా తలతో కొడతానని వెర్‌స్టాపెన్ అన్నాడు. ఆ మాట ఒక్కటే చదివితే రౌడీ మాటే. ఆ సీజన్ ఆరంభం నుంచీ రేసు తర్వాత రేసులో అతడికి ఏదో ఒక ప్రమాదం జరుగుతూనే ఉందనీ, ఇన్ని ప్రమాదాలు ఎందుకని అడగడం విలేకరుల వృత్తి ధర్మమేననీ, అదే ప్రశ్న వేర్వేరు నోళ్లనుంచి అప్పటికే పదేపదే వచ్చి ఉందనీ తెలిస్తే, తప్పు ఎక్కడ ఎంతో మనమే తూచుకోగలం. హెల్మెట్ లోపల, 300 కిలోమీటర్ల వేగంలో, టీమ్ రేడియోలో వెలువడిన మాటకు, సమావేశంలో మైకు ముందు కూర్చుని అన్న మాటకు ఒకే తూనిక పనికిరాదు. 2024లో సింగపూర్‌లో తన కారు గురించి సమావేశంలో ఒక బూతు మాట వాడినందుకు వెర్‌స్టాపెన్‌కు ప్రజాసేవ శిక్ష పడింది; మరుసటి ఏడాది ఎఫ్‌ఐఏ కూడా అదుపులో ఉన్న వాతావరణం, లేని వాతావరణం అని రెండుగా విభజించి శిక్షలను సవరించింది. రేడియో మాటల్లో ప్రసారకులు ఎంచి వినిపించినవే మన చెవిన పడతాయన్నది మరవకండి.

ఇంకొక జాగ్రత్త. తిట్టుకూ అభిప్రాయానికీ తేడా ఉంది. 2023లో లాస్ వేగాస్ రేసును 99 శాతం ప్రదర్శన, 1 శాతం క్రీడ అని వెర్‌స్టాపెన్ అన్నప్పుడు, అతడికి కృతజ్ఞత లేదని రాయడం తేలిక; ఆ మాట నిజమా కాదా అని పరిశీలించడం కష్టం. మొదటి రకం కథనాన్ని పక్కన పెట్టి రెండో రకం కోసం వెతకండి. డ్రైవర్లు అచ్చుపోసిన మాటలే చెబుతారని వాపోయే కలాలే, ఒకడు మనసులో మాట చెప్పిన మర్నాడు వాడిని నిలదీయడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

రాసినవాడు ఎక్కడివాడన్నది కూడా చూడాలి, కానీ అక్కడే ఆగకూడదు. 2024 నవంబరులో సావో పాలోలో పదిహేడో స్థానం నుంచి మొదలుపెట్టి గెలిచిన వెర్‌స్టాపెన్, తర్వాతి సమావేశంలో బ్రిటిష్ విలేకరులు కనిపించడం లేదేమని బహిరంగంగానే అడిగాడు. దేశాభిమానం రాతలోకి దూరుతుందన్నది కాదనలేం. దాన్ని పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఏమిటంటే, కథనంలో ఇద్దరు డ్రైవర్ల పేర్లనూ తారుమారు చేసి చదవడం. ఒకరికి ‘తెగువ’ అయినది మరొకరికి ‘దురుసు’ అయితే ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టుకుని రాశారని అర్థం. కానీ 1997 అక్టోబరు 26న హెరెజ్‌లో మైఖేల్ షూమాకర్ జాక్ విల్‌నెవ్ కారు మీదికి తిప్పినప్పుడు, అతడి సొంత దేశమైన జర్మనీలో, అతడి జట్టు ఫెరారీకి పుట్టిల్లైన ఇటలీలో పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ విమర్శకు పాస్‌పోర్టుతో సంబంధం లేదు.

హెరెజ్ ఇంకొక కారణంగానూ గుర్తుంచుకోదగినది. ఆ రోజు స్టీవార్డులు దాన్ని రేసులో జరిగే మామూలు సంఘటనగా చూశారు. నవంబరు 11న ఎఫ్‌ఐఏ ఆ సీజన్‌లో షూమాకర్‌కు దక్కిన రెండో స్థానాన్నే తుడిచేసింది. కాబట్టి ఆదివారం రాత్రి వచ్చిన కథనాన్ని దాచిపెట్టుకుని, కొన్ని వారాల తర్వాత మళ్లీ తీయండి. బార్సిలోనా విషయంలో నేను అలాగే చేశాను. మర్నాడే వెర్‌స్టాపెన్ తాను చేసింది సరికాదని, అలా జరగకుండా ఉండాల్సిందని రాశాడు. అయిదో స్థానానికి 10 పాయింట్లు, పదో స్థానానికి 1, అంటే ఆ క్షణం ఖరీదు 9 పాయింట్లు. డిసెంబరులో నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421తో సీజన్ ముగిసింది. ఆ ఢీవల్లే టైటిల్ పోయిందన్న వ్యాసాలు అప్పుడు వచ్చాయి, ఆ కూడికలో తప్పు లేదు. కానీ సీజన్‌లో 24 రేసులు ఉన్నాయి, టైటిల్‌కు పోటీపడిన ముగ్గురిలో ప్రతి ఒక్కరూ ఎక్కడో ఒకచోట రెండుకు మించి పాయింట్లు చేజార్చుకున్నారు. జూన్ నాటి కాగితం తీసి చూస్తే, నేను పని కింద గీసిన గీతలన్నీ ఆరు నెలల తర్వాతా చెక్కుచెదరలేదు. మనిషి స్వభావం కింద గీసినవాటిలో, ఇతడు తప్పు ఒప్పుకునే రకం కాదన్న వాక్యాన్ని మాత్రం ఆ మర్నాడే కొట్టివేయవలసి వచ్చింది.