చీకటి పడగానే కెమెరాలు ఆగిపోతుంటే తప్పు స్విచ్‌దేనా?

ఆరుబయట పెట్టిన కెమెరాలు గానీ, వైఫై రేడియోలు గానీ మొరాయిస్తే ముందు తిట్లు తినేది వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్చే. మార్చేస్తాం, కొత్తదీ అలాగే చేస్తుంది. 12, 24 వోల్టుల డీసీతో నడిచే చిన్న పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంట్ కూడా పంపే) స్విచ్‌ల దగ్గర చాలాసార్లు చెడేది స్విచ్ కాదు, కొనేముందు వేసుకోని లెక్క.

సమస్య: పగలంతా బాగుంటాయి, రాత్రయితే కెమెరాలు రీస్టార్ట్ అవుతాయి

కారణం: చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి. పగలు 5 వాట్లు తీసుకునే కెమెరా రాత్రి 11 లాగిందనుకోండి. ఆరు కెమెరాలకు పగలు 30, రాత్రి 66. స్విచ్ ఇవ్వగలిగింది 60 అయితే ఏదో ఒక పోర్టుకు కరెంట్ ఆపేస్తుంది. మిగతావి తేరుకున్నాక ఆ కెమెరా మళ్లీ లేస్తుంది, లైట్లు వెలిగిస్తుంది, మళ్లీ పడిపోతుంది. తెల్లవార్లూ ఇదే తంతు.

పరిష్కారం: ‘8 పోర్టులు, పోర్టుకు 30 వాట్లు’ అని ఉంటే 240 వస్తాయని మురిసిపోకండి. మొత్తం పీఓఈ బడ్జెట్, అంటే అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగలిగేది ఎంతో స్పెసిఫికేషన్లలో విడిగా ఉంటుంది, చూడాల్సింది దాన్నే. పరికరాల గరిష్ఠ వాట్లు కూడి, పైన పావు వంతు వేసుకోండి.

సమస్య: బ్యాటరీ నిండుగా ఉన్నా స్విచ్ ఆరిపోయి వెలుగుతోంది

ఎక్కువమంది తిప్పలు పడేది ఇక్కడే. పోర్టులకు 60 వాట్లు ఇవ్వాలంటే, లోపల వోల్టేజ్ పెంచేటప్పుడు పోయేది కలుపుకొని స్విచ్ సుమారు 70 తీసుకుంటుంది. 12 వోల్టుల దగ్గర అది దాదాపు 6 ఆంపియర్లు. బ్యాటరీ 10 మీటర్ల దూరంలో ఉండి, వైరు 1 చదరపు మిల్లీమీటరుదైతే రానూపోనూ 20 మీటర్ల రాగి, అంటే దగ్గరదగ్గర 0.36 ఓమ్. దారిలోనే 2 వోల్టులకు పైగా పోతుంది. పోనీ అక్కడితో ఆగుతుందా? వోల్టేజ్ తగ్గేకొద్దీ స్విచ్ ఇంకా ఎక్కువ కరెంట్ లాగుతుంది, డ్రాప్ ఇంకా పెరుగుతుంది. చివరికి స్విచ్‌కు అందేది 9.3 వోల్టుల చిల్లర.

మీటరును బ్యాటరీ దగ్గర పెడితే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. స్విచ్ టెర్మినళ్ల దగ్గర, రాత్రి లోడ్ నడుస్తుండగా పెట్టండి.

పరిష్కారం: 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే డ్రాప్ అర వోల్టు చిల్లరకు దిగుతుంది. నన్నడిగితే స్విచ్‌నే బ్యాటరీ పక్కకు జరిపి, ఆ దూరాన్ని నెట్‌వర్క్ కేబుల్‌కు వదిలేస్తాను. అందులో వెళ్లేది 48 వోల్టుల పైచిలుకు కాబట్టి 100 మీటర్ల దాకా బెంగ లేదు. కొనేటప్పుడు ఇన్‌పుట్ 9 నుంచి 36 వోల్టుల లాంటి విశాలమైన పరిధి ఉన్నది తీసుకోండి. ‘12 వోల్టుల’ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో 14 దాటుతుంది, అరిగేసరికి 11కి జారుతుంది. ఇన్‌పుట్ 48 అని రాసి ఉన్న స్విచ్‌లో వోల్టేజ్ పెంచే సర్క్యూట్ ఉండకపోవచ్చు. అలాంటిదాన్ని 12కి తగిలించి లాభం లేదు.

సమస్య: ఒక్క రేడియోకి మాత్రం ప్రాణం రావడం లేదు

కారణం: అది 24 వోల్టుల పాసివ్ రకం అయి ఉంటుంది. 802.3ఏఎఫ్, ఏటీ అనే పీఓఈ ప్రమాణాల స్విచ్‌లు అవతల గుర్తింపుగా 25 కిలోఓమ్‌ల నిరోధం కనిపిస్తేనే కరెంట్ వదులుతాయి. పాసివ్ పోర్టు అదేమీ అడగదు, తగిలించగానే ఇచ్చేస్తుంది.

పరిష్కారం: పోర్టువారీగా 24 పాసివ్ ఎంచుకునే వీలున్న స్విచ్, లేదంటే మధ్యలో కన్వర్టర్. పాసివ్ పోర్టులో ల్యాప్‌టాప్ మాత్రం పెట్టకండి.

సమస్య: చివరి కెమెరా ఒక్కటే తడబడుతుంది

ఏటీ పోర్టు 30 వాట్లు ఇస్తే 100 మీటర్ల అవతల 25.5 అందుతుందన్న లెక్క అచ్చమైన రాగి కేబుల్‌ది. తీగను బ్లేడుతో గీకి చూడండి. ఎర్రటి పూత కింద తెల్లగా బయటపడితే అది రాగి పూసిన అల్యూమినియం. కేబుల్ మార్చడం తప్ప దారి లేదు.

సమస్య: మిట్టమధ్యాహ్నం ఆగిపోవడం, వాన పడ్డాక ఆగిపోవడం

మొదటిది వేడి. మూసిన పెట్టె ఎండలో ఉంటే 40 డిగ్రీల వరకే రేటింగ్ ఉన్న స్విచ్ చాలదు, 75 దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ రకం కావాలి. రెండోది కేబుల్ వెంట జారే నీరు. కేబుల్ లోపలికి వెళ్లే గ్లాండ్ పెట్టె అడుగున ఉండాలి, కేబుల్ కిందికి వంపు తిరిగి పైకి ఎక్కాలి. పిన్నులకు పచ్చగా చిలుం పట్టిన కనెక్టర్‌ను తుడిచి మళ్లీ పెట్టకండి, కోసేసి కొత్తది క్రింప్ చేయండి.