బాక్టీరియా కణంలోని అమరిక – ఐదవ పాఠం: విభజనకు చోటు ఎలా తేలుతుంది

నాలుగవ పాఠానికి వేసిన బొమ్మల్లో చాలావాటిలో న్యూక్లియాయిడ్ (కణంలో డీఎన్ఏ చిక్కుగా పోగుపడి ఉండే చోటు) చుట్టూ పొరలా ఒక గీత కనిపించింది కనుక, కొత్త విషయానికి ముందు ఆ గీతను చెరిపేయాలి. ఎశ్చరీషియా కోలై అనే బాక్టీరియా డీఎన్ఏలో సుమారు 46 లక్షల క్షార జంటలుంటాయి. దానిని తిన్నగా సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటుతుంది, కణం పొడవు మాత్రం రెండు మైక్రోమీటర్లకు అటూ ఇటూ. ఆ దారాన్ని ఒక చోట ఉంచేది పొర కాదు. డీఎన్ఏ తన మీద తానే మెలికలు తిరగడం, హెచ్‌యూ వంటి ప్రోటీన్లు దానిని వంచి పట్టుకోవడం, కణద్రవ్యం కిక్కిరిసి ఉండడం కలిసి ఆ పని చేస్తాయి. ఎం-ఆర్ఎన్ఏకు (ప్రోటీన్ తయారీకి డీఎన్ఏ నుంచి తీసిన నకలుకు) వరుసగా అంటుకుని పనిచేస్తున్న రైబోజోములు ఆ చిక్కులోకి చొరబడలేక ఎక్కువగా కణం కొనల వైపు చేరుతాయి. రైబోజోముల విడి ఉపభాగాలకు అంత ఇబ్బంది లేదు. కొందరు గీసిన మీసోజోములను (త్వచం లోపలికి మడతపడినట్టు చూపే ఆకారాలను) కూడా తీసేయండి. అవి కణాన్ని రసాయనాలతో స్థిరపరిచేటప్పుడు ఏర్పడే వికారాలే తప్ప సజీవ కణంలోని భాగాలు కావు.

ఇక నేటి పాఠం. కణం విడిపోయే చోట ఎఫ్‌టీఎస్-జడ్ అనే ప్రోటీన్ వలయంగా కూడుతుందని మీకు తెలుసు. ఆ వలయం సరిగ్గా నడుమనే ఎందుకు కూడుతుందన్నది ప్రశ్న. దీనికి "మిన్ ప్రోటీన్లు నడుమకు చేరి వలయాన్ని పిలుస్తాయి" అని జవాబు రాసేవారు ప్రతిసారీ ఉంటారు. ఇది పూర్తిగా తలకిందులు. ఆ మిన్ ప్రోటీన్లలో మిన్-సి వలయాన్ని కూడనివ్వనిది, అంటే నిరోధకం. ఏటీపీని (కణానికి శక్తినిచ్చే అణువును) పట్టుకున్న మిన్-డి కణత్వచానికి అంటుకుని మిన్-సిని తనతో తెచ్చుకుంటుంది. మిన్-ఇ వచ్చి ఆ ఏటీపీని జలవిశ్లేషణ చేయిస్తే, అంటే నీటితో విడగొట్టిస్తే, మిన్-డి త్వచాన్ని వదిలేస్తుంది, మళ్లీ ఏటీపీని పట్టుకునేలోగా కణద్రవ్యంలో విస్తరించి, మిన్-ఇ తక్కువగా ఉన్న అవతలి కొనన అంటుకుంటుంది. అక్కడా ఇదే జరుగుతుంది. ఈ డోలనం ఒక్కో చుట్టుకు సుమారు ఒక నిమిషం లేదా అంతకంటే తక్కువ పడుతుంది. కొన్ని చుట్ల సగటు తీస్తే నిరోధకం కొనల్లో ఎక్కువగా, నడుమ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. అంటే నడుమను ఎవరూ గుర్తించలేదు, కొలవలేదు, అక్కడికి ఎవరినీ పిలవలేదు. నిషేధం పలచబడిన చోటే నడుమ అయింది. బొమ్మ గీసేటప్పుడు ముందు నిరోధకాన్ని కొనల్లో రంగు నింపి చూపండి, వలయాన్ని చివరగానే గీయండి. నేను ఎప్పుడూ ఇదే క్రమం పాటిస్తాను, ఎందుకంటే వలయంతో మొదలుపెట్టినవారికి మిన్-సి దానికి సహాయకారిగా తోచడం ఖాయం.

డీఎన్ఏ మీదుగా వలయం కూడకుండా ఎస్ఎల్ఎం-ఎ అనే మరో ప్రోటీన్ అడ్డుపడుతుంది; దాని సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం కొంచెం కఠినమే, పుస్తకం చూడకుండా చేయండి. మొదటిది: మిన్-సి, మిన్-డి, మిన్-ఇ మూడూ లేని కణం డీఎన్ఏ లేని చిన్న కణాలను ఎందుకు విడదీస్తుంది? రెండవది: మిన్-ఇ ఒక్కటే లేకపోతే కణం విడిపోకుండా పొడవాటి తంతువుగా ఎందుకు పెరుగుతుంది? మూడవది: బాసిల్లస్ సబ్టిలిస్ అనే మరో బాక్టీరియాలో ఈ డోలనం లేదు, డివ్-ఐవీఏ అనే ప్రోటీన్ త్వచం లోపలి వైపు గిన్నెలా బాగా వంగిన కొనల దగ్గర నిలిచి, మరొక ప్రోటీన్ ద్వారా మిన్-డిని అక్కడికి చేర్చుతుంది. ఆ కణంలో నిరోధకం పంపిణీని గీసి, పై బొమ్మతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ వేరవుతుందో రెండు వాక్యాల్లో రాయండి.